ఉబ్బసం అదుపులో ఉందని కాగితం చెబుతోంది, మనిషిని చూస్తే అలా లేదు. ఆ ప్రశ్నలకి జవాబులు ఎలా పెట్టాలి?

నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం

అందరికీ నమస్తే. మా అమ్మకి ఉబ్బసం చాలా ఏళ్ల నుంచి ఉంది. మొన్న చెకప్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారి గదిలోకి పిలవకముందే ఒక కాగితం చేతిలో పెట్టారు. ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదేసి జవాబులు, ఏదో ఒకదానికి టిక్ పెట్టాలి. అమ్మకి చదువు రాదు కాబట్టి నేను చదివి వినిపించాను, ఆవిడ ఏది చెబితే అదే పెట్టాను. 21 వచ్చింది. డాక్టర్ గారు చూసి "బాగుందమ్మా, అదే మందు వాడు" అని రాసిచ్చేశారు.

ఇంట్లో నేను రోజూ చూస్తున్న మనిషికీ ఈ 21కీ పొంతన లేదండి. అమ్మ డాబా ఎక్కడం మానేసింది. వేసవి వస్తే వడియాలు, మిరపకాయలు, చింతపండు అన్నీ పైనే ఎండబెట్టేది, ఇప్పుడవి మా పిన్ని వాళ్లింటి నుంచి వస్తున్నాయి. దుప్పట్లు ఉతకదు. వీధి చివర గుడికి కూడా ఆటో కావాలి. రాత్రి రెండు దిండ్లు వేసుకుంటే గానీ నిద్ర పట్టదు. ఆయాసం వస్తోందా అని అడిగితే "ఎక్కడొస్తోంది, శుభ్రంగా ఉన్నాను కదా" అంటుంది. అది అబద్ధం కాదు, ఆయాసం వచ్చే పని ఏదీ ఆవిడ చేయట్లేదు మరి. సంక్రాంతికి భోగి మంట పొగ తగిలి అర్ధరాత్రి నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది, ఆ సంగతి కాగితంలో ఎక్కడా రాలేదు.

ఇలాంటి కాగితం ఎవరికైనా ఇచ్చారా? దీన్ని నమ్మి మందు అలాగే కొనసాగించడమేనా?

స్టాఫ్‌నర్సు_కోట_జంక్షన్, విజయనగరం

మీ అమ్మగారికి ఇచ్చింది ఆస్తమా కంట్రోల్ టెస్ట్, ఏసీటీ అంటాం. గడిచిన నాలుగు వారాల గురించి మాత్రమే అడుగుతుంది. పనికి ఎంత అడ్డు వచ్చింది, ఆయాసం ఎన్నిసార్లు వచ్చింది, రాత్రి గానీ తెల్లవారుజామున గానీ ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ గానీ నెబులైజర్ గానీ ఎన్నిసార్లు వాడారు, చివరగా మీ ఉబ్బసం ఎంత అదుపులో ఉందని మీరు అనుకుంటున్నారు. తక్కువలో తక్కువ 5, ఎక్కువలో ఎక్కువ 25. 20 గానీ అంతకు పైన గానీ ఉంటే అదుపులో ఉన్నట్టు, 16 నుంచి 19 అయితే సరిగ్గా లేనట్టు, 15 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే అసలు అదుపులో లేనట్టు లెక్క.

ఇప్పుడు సంక్రాంతి వెళ్లి నెల దాటింది కదా. కాబట్టి భోగి రాత్రి నెబులైజర్ నాలుగు వారాల లెక్కలోకి రాదు. ఏడాదిలో ఎన్ని ఎటాక్‌లు వచ్చాయి, ఎన్నిసార్లు ఆసుపత్రికి పరిగెత్తారు, ఎన్నిసార్లు స్టెరాయిడ్ మాత్రలు మింగారు అని ఏసీటీలో ప్రశ్నే లేదు. అది డాక్టర్ నోటితో అడగాలి, అడగకపోతే మీరే చెప్పాలి. ఈ నెల ఎలా గడిచిందన్నది ఒకటి, రాబోయే రోజుల్లో ఎటాక్ వచ్చే ప్రమాదం ఎంతన్నది ఇంకొకటి. ఈ కాగితం మొదటిదానికే.

గరివిడి_మావయ్య

నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషిని, ఛాతీ డాక్టర్ల చుట్టూ బాగానే తిరిగాను. ఒకప్పుడు డాక్టర్ వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, గట్టిగా ఊపిరి తీయమని, పిల్లికూతలు విని చెప్పేవాడు. ఇప్పుడు వరండాలో కాగితం ఇచ్చి టిక్‌లు పెట్టమంటున్నారు. రోగి చెప్పిందే రోగం అయితే ఇంక డాక్టర్ ఎందుకు? ఊదే మిషన్ ఉంది కదా, దాని మీద ఊదిస్తే తేలిపోతుంది.

ఛాతీ_పీజీ, విజయనగరం

మావయ్య గారూ, ఊదే పరీక్ష కావలసిందే, అందులో నాకూ రెండో మాట లేదు. కానీ ఉబ్బసానికి ఒక గుణం ఉంది, అది రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి మనిషి మంచం మీద లేచి కూర్చుని రొప్పుతాడు. అదే మనిషి పదకొండింటికి ఓపీలో నా ముందు కూర్చుంటే స్టెతస్కోప్‌లో ఏమీ వినపడదు, ఊదిస్తే ఒక్కోసారి నార్మల్ వస్తుంది. రాత్రి నేను వాళ్లింట్లో లేను కాబట్టి ఆ రాత్రి సంగతి వాళ్లే చెప్పాలి. పద్ధతిగా అడగకపోతే "ఎలా ఉంది?" అంటాం, "పర్లేదు సార్" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఆ "పర్లేదు" దగ్గర ఆగిపోకుండా ఉండడానికే ఈ ప్రశ్నావళులు వచ్చాయి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కెనడాలో ఎలిజబెత్ జునిపర్ బృందం 1999లో ఆస్తమా కంట్రోల్ క్వశ్చనీర్, అంటే ఏసీక్యూ తెచ్చింది. అది ఒక్క వారం గురించే అడుగుతుంది, ప్రతి జవాబుకీ 0 నుంచి 6 దాకా మార్కులు, సగటు తీస్తాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, ఎక్కువ వస్తే చెడ్డ. 0.75 లోపు ఉంటే బాగున్నట్టు, 1.5 గానీ అంతకు మించి గానీ వస్తే అదుపు తప్పినట్టు. మొత్తం ఏడు అంశాల్లో ఒకటి ఊదే పరీక్ష ఫలితమే, మావయ్య గారు అడిగింది అందులో ఉంది. ఏసీటీ 2004లో వచ్చింది, దానికి మిషన్ అక్కర్లేదు కాబట్టి పల్లెల్లో కూడా పనికొస్తుంది. జీనా అని ప్రపంచస్థాయి మార్గదర్శకాలు ఉన్నాయి, అందులో అయితే నాలుగే ప్రశ్నలు, అవును కాదు అంతే: పగటి లక్షణాలు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ వచ్చాయా, ఉబ్బసం వల్ల రాత్రి మెలకువ వచ్చిందా, ఉపశమన మందు వారానికి రెండుసార్లు మించి కావలసి వచ్చిందా, ఏ పనికైనా అడ్డు వచ్చిందా. ఒక్క అవును కూడా లేకపోతేనే బాగా అదుపులో ఉన్నట్టు. ఒకటి రెండు ఉంటే కొంతవరకు, మూడు నాలుగు ఉంటే అదుపు లేదు.

నాగావళి గారూ, ఆ రెండు దిండ్ల సంగతి డాక్టర్‌తో తప్పకుండా చెప్పండి. పడుకుంటే ఆయాసం రావడం గుండె వల్ల కూడా కావచ్చు, అది చూడకుండా ఉబ్బసం ఖాతాలో వేసేయకూడదు.

పలాస_పిక్కల_బాయిలర్

నాది జీడిపప్పు యూనిట్‌లో పని. పిక్కలు కాల్చే చోట వచ్చే పొగ ఎలా ఉంటుందో పలాస, కాశీబుగ్గ వాళ్లకి చెప్పక్కర్లేదు, కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఆవిరి మీద ఉడికిస్తున్నారు, అయినా పెంకు కాలిన ఘాటు ఎక్కడికీ పోదు. నేనూ ఈ కాగితం నింపాను. సీజన్ లేనప్పుడు నింపితే 23, పని జోరుగా నడుస్తున్నప్పుడు నింపితే 15. మనిషిని నేనే, మందూ అదే. ఏ నెలలో అడిగారన్న దాన్ని బట్టి జవాబు మారిపోతోంది, డాక్టర్ ఏ కాగితం చూసి మందు రాయాలి?

ఇంకో సంగతి చెప్పాలి. పనికి అడ్డు వచ్చిందా అనే మొదటి ప్రశ్న దగ్గర మా వాళ్లు చాలామంది "లేదు" అనే పెడతారు. అవును అని రాస్తే ఆ పని మానేయమంటారని భయం. రోజు కూలి మీద బతికేవాళ్లం, మానేసి ఏం చేస్తాం?

ఛాతీ_పీజీ, విజయనగరం

మీరు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి. మాకు అంతకంటే పనికొచ్చే సమాచారం ఉండదు. ఏసీటీలో మూడు మార్కుల తేడా వస్తేనే నిజంగా మార్పు వచ్చినట్టు చూస్తాం, మీకు ఎనిమిది తేడా వచ్చింది. పనికి వెళ్లని రోజుల్లో, పండగ సెలవుల్లో ఊపిరి తేలికగా ఉంటోందా అన్నది ఏసీటీలో లేదు. పనివల్ల వచ్చే ఉబ్బసాన్ని పట్టించేది ఆ ప్రశ్నే. టెక్కలి గ్రానైట్ పాలిషింగ్ వాళ్లనీ, రైసు మిల్లుల వాళ్లనీ, మీలాంటి వాళ్లనీ నేను ముందు అదే అడుగుతాను.

పని మానేయమనడం ఒక్కటే దారి కాదు. కాల్చే చోటు నుంచి గ్రేడింగ్ వైపు మార్పించుకోగలరేమో, గాలి ఎటు పోతోందో, ముక్కుకి ఏం కట్టుకుంటున్నారో ముందు మాట్లాడవచ్చు. మూతికి కట్టుకునే తువ్వాలు ఆ ఘాటుని ఆపదు. మీరు నిజం చెబితేనే ఇవన్నీ మాట్లాడగలం.

మందులషాపు, చీపురుపల్లి

కౌంటర్ ఇవతల నుంచి నాకు కనబడేది చెబుతాను. ఆ నాలుగో ప్రశ్న, ఉపశమన మందు ఎన్నిసార్లు వాడారు అనేది, చాలామంది విషయంలో అసలు సంగతి బయటపెట్టట్లేదు. ఇన్‌హేలర్ వాడలేదు కాబట్టి "అసలు వాడలేదు" అని పెట్టేస్తారు, పూర్తి ఐదు మార్కులు వచ్చేస్తాయి. అదే మనిషి నా దగ్గరే సాల్బుటమాల్ మాత్రలు, డెరిఫిలిన్ మాత్రలు కొంటాడు, ఊళ్లో ఆయాసానికి ఇంజక్షన్ చేయించుకుంటాడు. అవేవీ ఆయన లెక్కలో ఉపశమన మందులు కావు. డాక్టర్‌కి చెప్పాల్సిన మొదటి సంగతే అది.

ఇంకొంతమంది నీలం రంగు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ నెలనెలా పట్టుకెళ్తారు. ఒక డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి మూడు డబ్బాలు గానీ అంతకు మించి గానీ అవుతున్నాయంటే ఎటాక్ వచ్చే ప్రమాదం పెరిగినట్టే, నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు అవుతుంటే ప్రాణం మీదకి వచ్చే ప్రమాదం. నీలం డబ్బా పట్టుకెళ్లే వాళ్లని "రెండోది, రోజూ వాడమన్నది ఏదీ?" అని అడుగుతాను. "అది పీలిస్తే ఏమీ తెలియట్లేదండీ, ఇది పీలిస్తే టక్కున తగ్గుతోంది" అంటారు. రోజూ వాడేది లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్, దాని పని నెమ్మదిగా ఉంటుంది. నీలం డబ్బా ఊపిరి గొట్టాన్ని కాసేపు వదులు చేస్తుంది, వాపుని ముట్టుకోదు. 2019 నుంచి జీనా వాళ్లు నీలం డబ్బా ఒక్కదాని మీదే నెట్టుకురావడం వద్దనే చెబుతున్నారు.

కాబట్టి నా సలహా ఒకటే, జవాబుల కాగితంతో పాటు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నోటి మాట కంటే ఆ సంచి కచ్చితంగా చెబుతుంది.

నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మ దగ్గర కూడా మాత్రలు ఉన్నాయి, పోపుల డబ్బాలో పెట్టుకుంటుంది, ఎప్పుడు వేసుకుంటుందో నాకు తెలియదు. ఒక అనుమానం. చదువు రాని వాళ్లకి మనం చదివి వినిపించేటప్పుడు ఎంతవరకు కల్పించుకోవచ్చు? ఇంటికొచ్చాక మా వదిన మళ్లీ చదివినప్పుడు "అత్తా, నీకు ఆయాసం రావట్లేదు కదా?" అని అడిగింది. "లేదమ్మా" అంది అమ్మ. అలా అడిగితే ఇంకేం చెబుతుంది!

ఏఎన్ఎం_అప్ప, రణస్థలం

తమ్ముడూ, ఇది నేను రోజూ చేసే పని కాబట్టి రాస్తున్నాను. కాగితంలో ప్రశ్న ఎలా ఉందో అలాగే చదవాలి, జవాబులు ఐదూ చదవాలి, మధ్యలో మనం ఏదీ ఎంచకూడదు. "కదా" అని అడిగితే పెద్దవాళ్లు మనల్ని బాధపెట్టడం ఇష్టం లేక తలూపేస్తారు. ప్రశ్నని మనకి తోచినట్టు మారిస్తే ఆ మార్కులకి విలువ ఉండదు, ఎందుకంటే 20, 19 అనే గీతలన్నీ ఆ ప్రశ్నలు ఆ రూపంలో అడిగి చూసి పెట్టినవి. అందుకని ముందు కాగితం ఉన్నది ఉన్నట్టు నింపేస్తాను, పక్కన పెడతాను, ఆ తర్వాత నా ప్రశ్నలు మొదలుపెడతాను.

నిరుడు ఏం చేసేవాళ్లు, ఇప్పుడు ఏం చేయట్లేదు అని అడుగుతాను. బోరింగు దగ్గర నుంచి బిందె ఒక్క ఊపున తెస్తున్నావా, మధ్యలో దించుతున్నావా? కళ్లంలో నూర్పులకి వెళ్లావా, లేకపోతే వంట చూసుకుంటానని ఇంటి దగ్గరే ఉండిపోయావా? పెళ్లిలో భోజనాల దగ్గర వడ్డించావా, కుర్చీలో కూర్చున్నావా? రాత్రి లేచింది ఒంటేలుకా, దగ్గుకా? నవ్వితే దగ్గు వస్తోందా? ఒక పెద్దావిడ ఏసీటీలో 22 తెచ్చుకుంది. ఈ ప్రశ్నలు అడిగితే తీర్థానికి వెళ్లడం మానేసి చాలా కాలమైందని చెప్పింది, "వయసు కదమ్మా" అంది. వయసు కాదది. రోజూ వాడే ఇన్‌హేలర్ సరిగ్గా మొదలుపెట్టాక ఆవిడే మళ్లీ బిందె మోస్తోంది.

మీ అమ్మగారు డాబా ఎక్కట్లేదని మొదటి పోస్ట్‌లో రాశావు చూడు, ఆ ముక్క కాగితం వెనకాల రాసి డాక్టర్ చేతికివ్వు. ఇంటి మనిషి గమనించి రాసే ఆ రెండు లైన్లు నా దృష్టిలో 21 కంటే గట్టివి. చిన్నప్పటి నుంచి సగం ఊపిరితో బతికిన మనిషికి పూర్తి ఊపిరి ఎలా ఉంటుందో తెలియదు, ఐదో ప్రశ్నకి "బాగా అదుపులో ఉంది" అనే చెబుతుంది.

టెక్కలి_అమ్మ

మా పాప రెండో తరగతి. తనకి ఇచ్చిన కాగితం వేరుగా ఉంది, బొమ్మ ముఖాలు ఉన్నాయి, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా. పిల్ల నింపేటప్పుడు నేను పక్క నుంచి సరిచేయబోతే సిస్టర్ వారించారు. ఆటలాడేటప్పుడు ఎలా ఉంటుందన్న చోట అది ఏడుపు ముఖానికి ముందున్న ముఖం చూపించింది. నాకు గుండె ఝల్లుమంది. ఇంటి దగ్గర ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత మెల్లగా అడిగితే, బడిలో ఖోఖో ఆడేటప్పుడు రెండు రౌండ్లకే కూర్చుండిపోతోందట, "దగ్గుతానని నన్ను జట్టులోకి తీసుకోరు" అంది.

ఇలా పిల్ల చెప్పిందీ నేను చెప్పిందీ వేరైతే దేన్ని నమ్ముతారు?

స్టాఫ్‌నర్సు_కోట_జంక్షన్, విజయనగరం

రెండూ కలిపే లెక్కమ్మా. నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల పిల్లలకి ఆ కాగితం. ఏడు ప్రశ్నలు, మొదటి నాలుగూ పిల్లలే ముఖాలు చూసి చెప్పాలి, మిగతా మూడూ అమ్మానాన్నలు నింపాలి. మొత్తం 27, అందులో 19 గానీ తక్కువ గానీ వస్తే అదుపులో లేనట్టు. పిల్లలు బడిలో ఎలా ఉంటారో మనకి తెలియదు, రాత్రి దగ్గు సంగతి నిద్రలో ఉన్న పిల్లకి తెలియదు, అందుకే ఇద్దరినీ అడుగుతారు. పన్నెండేళ్లు నిండాక పెద్దవాళ్ల ఏసీటీయే.

పాపని ఆటలు మాన్పించకండి. ఉబ్బసం అదుపులో ఉంటే ఖోఖో ఆడాలి, ఆడగలగాలి. పీఈటీ సార్‌కి చెప్పి ఉపశమన ఇన్‌హేలర్, దానికి తగిలించి పీల్చే గొట్టం (స్పేసర్) బ్యాగులో ఉంచండి.

గరివిడి_మావయ్య

పాప సంగతి చదివాక మనసు బాగోలేదమ్మా, తొందరగా కుదుటపడాలి. డాక్టర్ బాబూ, మరి నా సంగతి చెప్పు. నేను చుట్టలు బాగా కాల్చినవాణ్ణి, ఇప్పుడు మానేశాను. నాది ఉబ్బసం కాదు, సీఓపీడీ అన్నారు, పొగ వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా దెబ్బతినే జబ్బట. ఈ ఐదు ప్రశ్నలు నాకూ పనికొస్తాయా?

ఛాతీ_పీజీ, విజయనగరం

మీకు ఇది కాదు మావయ్య గారూ. సీఓపీడీకి క్యాట్ (సీఓపీడీ అసెస్‌మెంట్ టెస్ట్) అని వేరే ఉంది, ఎనిమిది అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 40. దగ్గు, కఫం, ఛాతీ బిగుతు, మెట్లు ఎక్కడం, ఇంటి పనులు, బయటికి వెళ్లే ధైర్యం, నిద్ర, ఓపిక. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఇబ్బంది ఎక్కువ ఉన్నట్టు చూస్తాం. ఇంకో మాట, ఇవేవీ జబ్బు ఏమిటో చెప్పవు. రక్తం తక్కువైనా, గుండె బలహీనమైనా, టెన్షన్ వల్ల ఊపిరి ఆడనట్టు అనిపించినా ఏసీటీలో మార్కులు పడిపోతాయి. ఉబ్బసమే అని ముందు ఊదే పరీక్షతో తేల్చుకున్నాక వాడాల్సిన కాగితం ఇది. మీరు మొదట పట్టుబట్టిన మిషన్ చోటు అక్కడ.

మార్కులు తక్కువ వచ్చాయని వెంటనే డోసు పెంచకూడదు కూడా. ముందు రోజూ వాడుతున్నారా, పీల్చే పద్ధతి సరిగ్గా ఉందా, ఇంట్లో కట్టెల పొయ్యి, దోమల చక్రం పొగ ఉన్నాయా, ముక్కు దిబ్బడ, కడుపు మంట ఉన్నాయా చూడాలి. పరికరంలో పెట్టి పీల్చాల్సిన రోటాక్యాప్ క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లని నేను ఓపీలో చూస్తూనే ఉన్నాను.

ఒక హెచ్చరిక, ఇది అందరికీ. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం, పెదాలు నీలం కావడం, పఫ్‌లు పీల్చినా తగ్గకపోవడం, వీటిలో ఏది కనబడినా కాగితం, మార్కులు అన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి.

నాగావళి_ఒడ్డు, శ్రీకాకుళం

మళ్లీ వెళ్లొచ్చాం. ఏఎన్ఎం అప్ప చెప్పినట్టు కాగితం ఉన్నది ఉన్నట్టు చదివాను, తొందరపెట్టలేదు, మాత్రల సంగతి తర్వాత విడిగా అడిగాను. 16 వచ్చింది. వెనకాల డాబా సంగతి, దిండ్ల సంగతి, భోగి నాటి నెబులైజర్ రాశాను. డాక్టర్ గారు అది రెండుసార్లు చదివారు, ఈసీజీ, ఎకో తీయించారు, గుండె బాగానే ఉందన్నారు. తర్వాత అమ్మని తన ముందే ఇన్‌హేలర్ పీల్చమన్నారు. అమ్మ డబ్బా ఊపలేదు, నొక్కడం అయ్యాక పీల్చింది, మందు పొగలా నోట్లోంచి బయటికి వచ్చేసింది. ఇన్నాళ్లూ మందు లోపలికి వెళ్లనేలేదన్నమాట. స్పేసర్ రాశారు, అందులో నొక్కి నెమ్మదిగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టమన్నారు, స్టెరాయిడ్ కాబట్టి తర్వాత నోరు పుక్కిలించమన్నారు. మందు పేరు, డోసు మార్చలేదు. మాత్రలు మాన్పించారు.

మందులషాపు, చీపురుపల్లి

స్పేసర్‌ని సబ్బు నీళ్లలో ముంచి కడిగి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే లోపల మందు అంటుకుపోతుంది.

టెక్కలి_అమ్మ

మా పాపకి కూడా స్పేసరే ఇచ్చారు, నిన్నటి నుంచి మొదలుపెట్టాం. ముఖాల కాగితం జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకున్నాను. వారం వారం నింపిస్తే తేడా తెలుస్తుందా సిస్టర్?

స్టాఫ్‌నర్సు_కోట_జంక్షన్, విజయనగరం

వారం వారం వద్దమ్మా, పిల్లకి విసుగొచ్చి ఏదో ఒక ముఖం మీద వేలు పెట్టేస్తుంది. పైగా అందులో మీ వంతు ప్రశ్నలు నాలుగు వారాల గురించి అడుగుతాయి. మందు మొదలుపెట్టి నాలుగు వారాలు నిండకముందే నింపితే పాత రాత్రుల దగ్గు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, మందు పనిచేయలేదని మీరు భయపడతారు. ఈలోగా గోడ క్యాలెండర్ మీద రాత్రి దగ్గిన రోజున ఒక చుక్క పెట్టండి, నీలం ఇన్‌హేలర్ వాడిన రోజున ఒక గీత గీయండి. నెల నిండాక పాప నాలుగూ పాప చెబుతుంది, మీ మూడూ మీరు ఆ క్యాలెండర్ చూసి నింపండి. వచ్చేటప్పుడు క్యాలెండర్ కూడా పట్టుకురండి.